ఎర్రగిత్త హ్యాండిల్

మా పెదనాన్న ఢిల్లీశ్వరరావు చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు. కొబ్బరి మట్ట, పలుపుతాడు, గొడుగు, ఒకసారి పనసకాయ. పనసకాయ దెబ్బ తిన్నది సంతబొమ్మాళి నుంచి ఎడ్ల బేరానికి వచ్చిన మనిషి. ఆ మనిషికి మెడ పట్టేసింది, కాయ పగిలింది. పెదనాన్న అక్కడే కూర్చుని తొనలు ఒలిచి ఆయనకే పెట్టాడు. మెడకు కొబ్బరినూనె రాయించి, బస్సెక్కించి వచ్చాడు. ఆయన తీరే అంత. కోపం వచ్చేది, చెయ్యి లేచేది, ఆ తర్వాత ఆకలి వేసేది.

పెద్దమ్మ జోగమ్మకు ముందుపన్ను ఒకటి ఉండేది కాదు. ఎవరైనా అడిగితే "సెరుకు కొరికితే ఇరిగిపోనాది" అనేది. మా ఊళ్ళో చెరుకు పండదు.

మాది ఉద్దానంలో, పలాసకీ సముద్రానికీ మధ్యనున్న ఊరు. కొబ్బరి, జీడి, వాటి సందుల్లో పనస. చెట్టుకీ చెట్టుకీ మధ్య పెద్ద ట్రాక్టరు తిరగదు. అందుకని మా తాత డెబ్భై నాలుగులో చేతి ట్రాక్టరు కొన్నాడు. రెండు చక్రాలు, ముందు జపాను ఇంజను, వెనక నేలను తరిగే కత్తులు, పొడుగాటి రెండు పిడులు. మనిషి పిడులు పట్టుకుని వెనకాల నడవాలి. ఎర్ర రంగు వేసి ఉండేది కనక ఊరంతా దాన్ని ఎర్రగిత్త అన్నారు. పేరుకు తగ్గట్టే పొడిచేది కూడా. ఒక చేత్తో ఇంజనులో గాలి వదిలే మీట నొక్కి పట్టి, ముందు హ్యాండిల్ దూర్చి గిర్రున తిప్పితే స్టార్టవుతుంది. ఒక్కోసారి ఇంజను ఎదురు తిరిగి హ్యాండిల్‌ని వెనక్కి తన్నుతుంది. తాత మణికట్టు అలా ఒకసారి విరిగింది. అందుకే కొడుకులిద్దరికీ ఒకటే పాఠం నేర్పాడు. హ్యాండిల్ చుట్టూ బొటనవేలు వెయ్యకూడదు, మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంచాలి. అప్పుడు తన్నినా చేతిలోంచి జారిపోతుంది గానీ ఎముక విరగదు.

తాత పోయాక తొంభై ఎనిమిదిలో అన్నదమ్ములు వేరుపడ్డారు. వాకిలికి అడ్డంగా నడుమెత్తు గోడ లేచింది. అటు పెదనాన్న, ఇటు మా నాన్న బైరాగి. తోట పంచారు, పాత్రలు పంచారు, నాన్నమ్మ రాజులమ్మ మా వైపు వచ్చింది. ఎర్రగిత్తను మాత్రం పంచలేకపోయారు. పెద్దమనుషులు వంతులు పెట్టారు. ఉగాది నుంచి దసరా దాకా తమ్ముడికి, దసరా నుంచి ఉగాది దాకా అన్నకి. గోడ చివర, రెండు వాకిళ్ళకీ తెరుచుకునే షెడ్డులో అది ఉండేది.

నాన్నమ్మ గురించి రెండు మాటలు చెప్పాలి. ఏటా ఆషాఢంలో ఆమె ఇంటి గుమ్మాలకీ, బండికీ, నాగలికీ జీడినూనె పూసేది. మా నాన్న కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు వేయించే డ్రమ్ము దగ్గర పనిచేసేవాడు. పిక్కల తొక్కల్లోంచి కారే ఆ నల్లటి నూనె డబ్బాడు ఏటా తెచ్చి ఇచ్చేవాడు. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. చెక్కకు పూస్తే చెద పట్టదు, ఇనుముకు పూస్తే తుప్పు పట్టదు. ఆరితే నల్లగా, రాయిలా గట్టిపడుతుంది. కొబ్బరి పీచు కుంచెతో, చేతికి గుడ్డ చుట్టుకుని, ఆ పని ఆమే చేసేది. ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు.

రెండోది ఆమె ముడి. ఊరగాయ జాడీల మూతికి గుడ్డ కట్టి, పీచుతాడు మూడు చుట్లు తిప్పి, కొసను రెండుసార్లు లోపలికి దూర్చి బిగించేది. ఆ ముడి ఆమెకు తప్ప ఎవరికీ కట్టడం రాదు, విప్పడం అసలే రాదు. పెదనాన్న కత్తి పెట్టి కోసేవాడు.

"ఇది ఆవకాయి జాడీయా, పోలీసోలు సీలేసిన కొట్టా?"

"నీలాటి తిండిపోతులున్న కొంపలో అలగే కట్టాల్రా," అనేది నాన్నమ్మ.

తొంభై తొమ్మిది అక్టోబరులో గాలివాన వచ్చింది. ఒక పగలూ ఒక రాత్రీ కొట్టింది. తెల్లారి చూస్తే తోట మీంచి సముద్రం కనబడింది. అంతకు ముందు మా వాకిట్లోంచి సముద్రం ఎన్నడూ కనబడలేదు. మధ్యనున్న చెట్లన్నీ పడుకున్నాయి. పెదనాన్న తోటలో నూట ఎనభై కొబ్బరి చెట్లుంటే ముప్ఫయ్యో ముప్ఫయి రెండో నిలబడ్డాయి. ఆయన గొడ్డలి తీసుకుని పడిపోయిన చెట్లను నరికాడు. దారి కోసం నరికాడో కసి కొద్దీ నరికాడో తెలియదు, అరచేతులు చీలి రక్తం కారుతున్నా ఆపలేదు.

ఆ మర్నాడే దసరా. వంతు మారే రోజు. మొద్దులు లాగాలంటే ఎర్రగిత్త కావాలి. పెదనాన్న షెడ్డుకు వచ్చి, దానికి బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచి, హ్యాండిల్ దూర్చాడు. అది కదల్లేదు. రెండు చేతులతో వేలాడాడు. ఇనప స్తంభాన్ని తిప్పినట్టే ఉంది. ఆషాఢం తర్వాత నాన్న దాన్ని ముట్టలేదు. తోటలో తడి ఆరలేదు, ఫ్యాక్టరీలో పని తెమల్లేదు.

పెదనాన్న పానా తెచ్చి, ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిల్ విప్పాడు. ఆ రంధ్రంలోకి తీగ దూర్చి తీశాడు. తీగ కొసకు నల్లటి జిగురు. వాసన చూసి నాన్నను పిలిచాడు.

"ఏట్రా ఇది?"

నాన్న వంగి చూశాడు. ఆ వాసన ఆయన ఒంటికి పదేళ్ళుగా పట్టినదే. "జీడినూని," అన్నాడు.

"ఇంజన్లో జీడినూనేట్రా? పోసింది నువ్వేనా?"

నాన్న ఒక్కసారి గుమ్మం వైపు చూశాడు. అక్కడ నాన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నాన్న మళ్ళీ ఇటు తిరిగాడు. కుడి చెయ్యి ఇంజను అంచు మీద ఉంది.

"నూని తెచ్చింది నానే," అన్నాడు. "అన్నయ్యా, ముందు నా మాట..."

హ్యాండిల్ పైకి లేవడం నేను చూశాను. దిగడం చూడలేదు, విన్నాను. ఇనుముకీ ఇనుముకీ మధ్య వేళ్ళు నలిగితే వచ్చే చప్పుడు వేరుగా ఉంటుంది. పచ్చి కొబ్బరిబొండాం మీద కత్తి పడినట్టు. రెండో దెబ్బ మోచేతి మీద పడింది. మూడోది నాన్న కిందికి జారిపోవడంతో ఇంజను మీదున్న నీళ్ళ తొట్టి మీద పడి దానికి సొట్ట చేసింది. పెదనాన్న నాలుగోది కూడా ఎత్తాడు. అప్పుడు మా అమ్మ నాన్న మీద పడి కప్పుకుంది. హ్యాండిల్ గాల్లోనే ఆగింది.

రోడ్డంతా చెట్లు. జీపు రాదు. నలుగురు మంచం మీద మోసుకుని, పడిన చెట్లు ఎక్కుతూ దిగుతూ కాశీబుగ్గ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కుడిచేతి నాలుగు వేళ్ళూ తీసేశారు. బొటనవేలు ఒక్కటి మిగిలింది.

పోలీసులు రెండో రోజుకు గాని రాలేకపోయారు. పెదనాన్న పారిపోలేదు. తోటలో మొద్దులు కొడుతూనే ఉన్నాడు. వాళ్ళను చూసి గొడ్డలి కింద పెట్టి, "నడండి" అన్నాడు. ఆ రెండు రోజులూ ఆయన అన్నం ముట్టలేదని పెద్దమ్మ తర్వాత చెప్పింది.

ఊళ్ళో సగం మంది పెదనాన్న పక్కనే మాట్లాడారు. కొట్టడం తప్పే గానీ, తమ్ముడు తన వంతు అయిపోయే ముందు యంత్రాన్ని పాడు చేసి అప్పజెప్పడం పెద్ద తప్పన్నారు. కోర్టులో వకీలు నాన్నను అడిగాడు, నూనె పోసింది నువ్వేనా అని. "పొయ్యనేదు," అన్నాడు నాన్న. మరి ఎవరు పోశారు? "తెల్దు." బోనులోంచి పెదనాన్న అరిచాడు.

"అబద్ధం! తెచ్చింది నానేనని ఈడి నోటితోనే అన్నాడు. తెచ్చినోడు పొయ్యడా? నాను కొట్టినాను, కొట్టనేదని అన్నానా? ఈడిని కూడా నిజం సెప్పమనండి!"

కేసు తేలేసరికి రెండువేల ఒకటి వేసవి వచ్చింది, అందాకా షెడ్డుకు పోలీసుల తాళమే. మూడేళ్ళు పడింది. విశాఖ జైల్లో కార్ఖానా పనిలో పెట్టారు. ఆకురాయి పట్టడం, గొట్టాలు అతకడం, బోల్టు మరలు తీయడం అక్కడ నేర్చుకున్నాడు. రెండువేల నాలుగు వేసవిలో తిరిగి వచ్చినప్పుడు మనిషి సగమయ్యాడు, చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. కాళ్ళు కడుక్కోకుండానే షెడ్డులోకి వెళ్ళాడు. అయిదేళ్ళుగా ఎర్రగిత్తను ఎవరూ ముట్టలేదు. టైర్లు చీకిపోయి, దుమ్ము పట్టి, పిడి మీద కందిరీగలు గూడు కట్టాయి.

"ఇప్పుతాను," అన్నాడు పెదనాన్న, గోడకు ఇవతల మాకు వినబడేట్టు. "ఒక్కో బోల్టూ ఇప్పుతాను. నూని ఎలగ పోసినాడో, ఎంత పోసినాడో ఊరందరికీ సూపిత్తాను. తిరిగి బాగుసేసి నడిపిత్తాను. ఆడు పోసినాడని తేలితే నా మూడేళ్ళూ నాకు సెల్లు."

"తేలకపోతే?" అంది పెద్దమ్మ.

చేతిలోని పానా ఆమె చెవి పక్కనుంచి వెళ్ళి తలుపుకు తగిలింది. ఆ ప్రశ్న పెద్దమ్మ మళ్ళీ అడగలేదు. కాని ఆ రోజు నుంచి మా రెండిళ్ళలోనూ ఉన్న ప్రశ్న అదొక్కటే.

ఇంజను తల విప్పుతూ ముందు గాలి పీల్చే వంపుగొట్టాన్నీ, పొగ గొట్టాన్నీ తీసి గోనెసంచిలో పడేశాడు. వాటితో తర్వాత పని. అసలు పని పిస్టన్‌తో. అది ఆడే గొట్టంలో, బోరులో, బిగుసుకుపోయింది. చుట్టూ నల్లటి పొర, గాజులా మెరుస్తోంది. కిరసనాయిలు పోసి పది రోజులు నానబెట్టాడు. డీజిలు పోశాడు. చింతపండు రసం మరిగించి పోశాడు. తాటి మొద్దు అడ్డం పెట్టి సమ్మెటతో కొట్టాడు. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా దెబ్బ మీద దెబ్బ. ప్రతి దెబ్బకీ ఒక మాట.

"ఇదిగో, తమ్ముడు సేసిన గనకార్యం! ఇదిగో, తోడబుట్టినోడి మేలు!"

అరుగు మీద కూర్చున్న నాన్నమ్మ ప్రతి దెబ్బకీ కళ్ళు మూసుకునేది. నాన్న అప్పటికి ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా పనిలో ఉన్నాడు. సైకిలు ఎడంచేత్తో నడిపించుకుంటూ షెడ్డు ముందునుంచే వెళ్ళాలి. తల తిప్పేవాడు కాదు.

కాశీబుగ్గ నుంచి మెకానిక్ పాపారావును పిలిపించారు. ఆయన పిస్టన్ మీద గోటితో గీకి, నవ్వి, "బావా, ఇది నూని కాదు, లక్క. కాలిస్తే గాని ఒదల్దు. కాలిస్తే నీ తోలూ ఒదల్దు," అన్నాడు.

"కాల్దాం."

"నాను అటుపక్క తోటలో నిలబడి సెప్తాను. నువ్వు కాల్చు."

కొబ్బరి డొక్కల మంట మీద ఇంజను దిమ్మను పెట్టారు. కాసేపటికి ఆ నల్లపొర కరిగి, బుడగలెత్తి, పొగ లేచింది. జీడి పొగ కళ్ళలో కారం కొట్టినట్టు ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని తిట్టుకుంటూ వీధి చివరికి పోయారు. పెదనాన్న ముఖానికి తడిగుడ్డ కట్టుకుని ఆ పొగలోనే నిలబడి సమ్మెట ఎత్తాడు. నూనె చిటపటలాడి ఆయన ముంజేతుల మీద పడింది. పడిన చోటల్లా తోలు తెల్లగా లేచింది. ఆయన ఆపలేదు. పదిహేడో దెబ్బకో ఇరవయ్యో దెబ్బకో పిస్టన్ కదిలింది. ఇంకో నాలుగు దెబ్బలకు బయటికొచ్చి బూడిదలో దొర్లింది. బోరు నిలువునా చీలి ఉంది. పెదనాన్న మోకాళ్ళ మీద కూలబడి, బొబ్బలెక్కిన చేతులు గాల్లో పట్టుకుని, ఎద్దులా రొప్పాడు.

ఆ సాయంత్రం నాన్న గోడ దగ్గర ఆగాడు. అయిదేళ్ళలో అన్నతో మొదటి మాట అదే.

"దాన్ని ఒదిలీ, అన్నయ్యా. తుక్కుకి ఇచ్చీ."

"భయమేత్తందేటి?"

"ఊఁ. భయమే."

పెదనాన్న నవ్వాడు. ఆ నవ్వు వారం రోజులు ఆయన ముఖం మీద ఉంది. కనబడిన వాడికల్లా చెప్పాడు, భయమని ఒప్పేసుకున్నాడని.

చీలిన బోరుకు బదులు టెక్కలిలో తుక్కు కొట్లోంచి పాతది ఇంకొకటి తెచ్చాడు. చేత్తో ఆకురాయి పట్టి సరిచేశాడు. డీజిలు ట్యాంకులో గులకరాళ్ళు పోసి, సైకిలు చక్రానికి కట్టి, ఊరి చివరి దాకా తొక్కించి తుప్పు రాల్చాడు. నేలను తరిగే కత్తులు అరిగిపోతే లారీ కమాను ముక్కలు కాల్చి, కొట్టి, కొత్తవి చేశాడు. వానలు వెళ్ళాయి, దసరా వెళ్ళింది, చలికాలం వచ్చింది. కోపంతో మొదలుపెట్టినా పని మాత్రం కోపంగా చెయ్యలేదు. మర బిగించేటప్పుడు ఆయన వేళ్ళు మా నాన్నమ్మ దీపం వత్తి చేసినంత నెమ్మదిగా కదిలేవి. అది చూస్తే ఈ చేతులేనా అనిపించేది. ఎర్ర రంగు రెండు పూతలు వేశాడు. నీళ్ళ తొట్టికి తాను చేసిన సొట్టను మాత్రం కొట్టి సరిచెయ్యకుండా అలాగే వదిలేశాడు.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం నాన్నమ్మ పెదనాన్న లేడనుకుని షెడ్డులోకి వెళ్ళింది. గోనెసంచిలోంచి వంపుగొట్టం తీసి కొంగు కింద పెట్టుకుని బావి వైపు నడిచింది. పెదనాన్న తోటలోంచి వస్తూ చూశాడు.

"ఏటమ్మా అది? సిన్నకొడుకు పంపినాడా? సాచ్చికం బావిలో పారీయమన్నాడా?"

"నాయినా, అది ఇలగ..."

ఆయన లాక్కున్నాడు. ఆమె వదల్లేదు. తోశాడు. బావి గట్టుకు తగిలి ఆమె పెదవి చిట్లింది. మా అమ్మ వెళ్ళి లేపితే నాన్నమ్మ రక్తం ఉమ్మేసి, "నానే పడ్డాను," అంది. పెదనాన్న గొట్టాన్ని సంచిలో వేసి తాళం పెట్టాడు. అందులో ఏముందో చూడాలని ఆయనకు తోచలేదు. తమ్ముడి నేరమంతా బోరులో దొరికిందనే ఆయన నమ్మకం.

మార్చిలో ఇంజను మొత్తం కూడింది. మిగిలింది ఆ గొట్టం ఒక్కటే. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆయన షెడ్డు బయట ఎండలో నిలబడి, గొట్టాన్ని కంటికి పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. వెలుతురు కనబడటం లేదు. ఇనప చువ్వతో పొడిచాడు. నల్లటి ఉండ ఒకటి నేల మీద పడి, రాయిలా చప్పుడు చేసింది. తీసి కత్తితో గీకాడు. జీడినూనెలో తడిసి గట్టిపడిన గుడ్డ అది. కందిరీగలు దూరకుండా ఎవరో గొట్టం లోపల కుక్కారు. గుడ్డ చుట్టూ పీచుతాడు. మూడు చుట్లు. కొస రెండుసార్లు లోపలికి దూరింది. నూనె ఆ ముడిని నిన్న కట్టినట్టే నిలబెట్టింది.

పెదనాన్న దాన్ని చాలాసేపు చేతిలో తిప్పాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, అటక మీంచి ఊరగాయ జాడీ దించి గుమ్మంలో పెట్టాడు. ఆ ఏడాది నాన్నమ్మ కట్టి పంపిందే. ఆ ఉండను జాడీ పక్కన పెట్టాడు. వంగి ఒకసారి దీన్నీ, ఒకసారి దాన్నీ చూశాడు. పెద్దమ్మ కూడా వచ్చి చూసింది.  ఆయన లేచి, గోడకు ఆనించి ఉన్న హ్యాండిల్ ఒక చేత్తోనూ ఉండ ఒక చేత్తోనూ పట్టుకుని, గోడ దాటి మా వాకిట్లోకి వచ్చాడు.

నాన్నమ్మ మంచం మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. ఉండను ఆమె ముందున్న చేటలో వేశాడు.

ఆమె దాన్ని చూసి, పిక్క తీస్తున్న చెయ్యి ఆపింది. "అవును," అంది. "నానే."

"నువ్వా? ఏల?"

"మీ అయ్య ఏటా వానలకి ముందర ఆ గొట్టంలో గిన్నెడు నూని పోసి, రెండు సుట్లు తిప్పి ఉంచీవోడు. లోపల తుప్పట్టదని. నాను గిన్నె అట్టుకునీదాన్ని. అది ఏ నూనో నాకేటి తెల్సు? గుమ్మాలకి పూసీదే అనుకున్నాను. ఆయన పోనాడు. మీరు దున్నీ వంతులు పంచుకున్నారు గాని, నూని పోసీ వంతు ఎవులికీ పెట్టనేదు. అది తుప్పట్టిపోతాదని నానే పోసినాను. రెండు సేతుల్తో యేలాడి తిప్పినాను."

"మరి సెప్పవేటి?" పెదనాన్న గొంతు కీచుగా వచ్చింది. "నాను జైలుకి ఎల్తుంటే సెప్పవేటి?"

"ఆయాల సెప్పుదామని నోరు తెరిసీలోపు నీ సెయ్యి నేచింది. తరవాత సెప్పితే ఆడి ఏళ్ళు మొలుత్తాయేటి? పోసినోలు ఎవులైతే ఏట్రా? కొట్టింది నువ్వే కదరా."

హ్యాండిల్ లేచింది. అదే చెయ్యి, అదే ఎత్తు. నాన్నమ్మ తల వంచుకుని కళ్ళు మూసుకుంది. సమ్మెట దెబ్బలకు మూసుకున్నట్టే.

నాన్న ఇంట్లోంచి ఎప్పుడు వచ్చాడో తెలియదు. వేళ్ళు లేని ఆ పిడికిలితో పెదనాన్న ముక్కు మీద గుద్దాడు. ముక్కు చితికి రక్తం చిమ్మింది. హ్యాండిల్ జారింది. నాన్న దాన్ని ఎడంచేత్తో అందుకుని తొడ మీద కొట్టాడు, వీపు మీద కొట్టాడు, భుజం మీద కొట్టాడు. భుజం దగ్గర ఎముక ఎండుకొమ్మలా విరిగిన చప్పుడు వచ్చింది. మా నాన్న మనిషిని కొట్టడం అంతకు ముందు నేను చూడలేదు. కొడుతూ ఏడుస్తున్నాడు.

"అమ్మ మీదకి ఎత్తుతావనే ఆయాల నోరు మూసుకున్నాను! అందుకే ఏళ్ళు పోనా మాటాడనేదు! ఎత్తీసినావు గదరా! ఇయ్యాల ఎత్తీసినావు గదరా! కొట్టు, నన్ను కొట్టు! ఆయాల నేచిన సెయ్యి ఇప్పుడు నెగదేటి?"

పెదనాన్న చెయ్యి లేవలేదు. అడ్డం కూడా పెట్టుకోలేదు. మట్టిలో బోర్లా పడి, ప్రతి దెబ్బకీ ఊపిరి వదిలాడు. పెద్దమ్మ గోడ దగ్గరే నిలబడి చూస్తోంది. కదల్లేదు. చివరికి, "ఇంక సాలు, మరిదీ," అంది, అన్నం వడ్డించేవాళ్ళతో అన్నట్టు. నాన్న హ్యాండిల్ వదిలేశాడు.

కాశీబుగ్గలో కట్టు కట్టే ఆయన ఎముక ఎలా విరిగిందని అడిగాడు. పెదనాన్న నేల చూశాడు. పెద్దమ్మ చెప్పింది.

"సెరుకు ఇరుత్తుంటేను."

ఉగాది మూడు వారాల్లో వచ్చింది. కుడిచెయ్యి మెడకు వేలాడేసుకుని ఉన్న పెదనాన్న, పాపారావును సాయం పెట్టుకుని ఎర్రగిత్తను తోసుకుంటూ మా వాకిట్లోకి తెచ్చాడు. ఎర్రగా, తళతళలాడుతూ, నీళ్ళ తొట్టికి సొట్టతో.

"నీ వంతు," అన్నాడు.

నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. సొట్ట దగ్గర ఆగాడు. "ఒక సేత్తో గాలి మీట నొక్కాల, ఒక సేత్తో తిప్పాల. నాకు అవదు," అన్నాడు.

"మీట నాను నొక్కుతాను. తిప్పు."

నాన్న ఎడంచేత్తో హ్యాండిల్ పట్టుకున్నాడు.

"బొటనేలు," అన్నాడు పెదనాన్న.

నాన్న బొటనవేలు తీసి మిగతా వేళ్ళ పక్కన పెట్టుకున్నాడు. మొదటిసారి ఇంజను ఎదురు తన్నింది, హ్యాండిల్ విడిపోయి పాపారావు మోకాలికి తగిలింది. "ఓలమ్మో, అన్నదమ్ముల తగువులో నాదేటి తప్పురా!" అని ఆయన ఒంటికాలి మీద గెంతాడు. రెండోసారి అందుకుంది. ఆరేళ్ళుగా లేని చప్పుడు. పొగలో ఇంకా జీడి వాసన ఉంది. నాన్నమ్మ అరుగు మీంచి లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత పెదనాన్న మారిపోయాడని రాస్తే అబద్ధం. మరుసటేడు పెద్దమ్మ మీద చెయ్యెత్తాడు. ఆమె రోకలి అందుకుంది. ఆ ఎత్తిన చెయ్యి దించి, పెరట్లోకి పోయి, అరటిచెట్టును నరికాడు. అన్నదమ్ములు మాటలు కలుపుకోలేదు. ఉన్న నూనెలన్నిటి మీదా పెదనాన్న రంగుతో పేర్లు రాసి షెడ్డులో వరసగా పెట్టాడు. నాన్నమ్మకు చదువు రాదు, అయినా రాశాడు. ఏటా వానలకు ముందు ఇంజనులో గిన్నెడు నూనె పోసి తిప్పేది ఆయనే, వంతు ఎవరిదైనా.

మా నాన్న వంతు ఉన్న ఆరు నెలలూ, దున్నే రోజుల్లో, పొద్దున్నే పెదనాన్న గోడ దగ్గరికి వచ్చేవాడు. గోడ మీద ఉన్న హ్యాండిల్ తీసుకుని షెడ్డులోకి వెళ్ళేవాడు. మీట నొక్కి, ఇంజను తిప్పి, అది నిలదొక్కుకునేదాకా ఆగి, హ్యాండిల్‌ని మళ్ళీ గోడ మీద పెట్టి, తన వాకిట్లోకి వెళ్ళిపోయేవాడు. నాన్న ఏనాడూ రమ్మని పిలవలేదు. ముందురోజు సాయంత్రం హ్యాండిల్ గోడ మీద పెట్టడం మాత్రం ఏనాడూ మరిచిపోలేదు.